అందుకునేవారు లేని ఎర్రర్

ఫోన్లో కరెంటు బిల్లు కడుతుంటారు, లేదా రైలు టికెట్ కోసం వెతుకుతుంటారు. ఉన్నట్టుండి స్క్రీన్ తెల్లబడిపోతుంది. ఆప్ ఆగిపోయిందని ఒక చిన్న మెసేజ్, దాని కింద మూసెయ్యమని ఒక బటన్. మనం విసుక్కుని దాన్ని మూసేసి మళ్ళీ తెరుస్తాం. ఆ మెసేజ్ వెనక ఏం జరిగిందో ఈ పూట చెప్పుకుందాం.

అది వచ్చిందంటే ప్రోగ్రాంలో తప్పు జరిగిందనే చాలామంది అనుకుంటారు. నిజానికి ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ ఏదో ఒక తేడా వస్తూనే ఉంటుంది. నెట్ తెగిపోతుంది. ఫైలు ఉండాల్సిన చోట ఉండదు. అంకె వెయ్యాల్సిన గడిలో ఎవరో పేరు టైపు చేస్తారు. వీటిలో చాలావాటిని ప్రోగ్రాం తనలో తానే సర్దుకుంటుంది, మన దాకా రానివ్వదు. ఆ మెసేజ్ వచ్చిందంటే, పుట్టిన ఎర్రర్‌ను అందుకునేవారు లోపల ఒక్కరూ లేకపోయారని అర్థం. ఎక్కడో అడుగున పుట్టిన ఎర్రర్ మెట్టు మెట్టూ ఎక్కుతూ పైదాకా వచ్చి, ఎవరూ పట్టించుకోక చివరికి మన ముందు పడింది.

ఈ మెట్లేమిటి? మన ఊళ్ళలో పెళ్ళి వంటలు తలుచుకోండి. ఆడపెళ్ళివారు కేటరింగ్ ఆయనకు పని అప్పజెబుతారు. ఆయన వంట మేస్త్రికి చెబుతాడు. మేస్త్రి ఒక కుర్రాణ్ణి పిలిచి, "ఒరేయ్, డెయిరీకి పోయి నలభై లీటర్ల పెరుగు పట్రా" అంటాడు. తీరా కుర్రాడు వెళ్ళేసరికి పెరుగు అయిపోయింది. పక్క ఊరి నుంచి తెప్పించాలా, ఉన్నదాంట్లో మజ్జిగ చేసి సరిపెట్టాలా అన్నది వాడు తేల్చే సంగతి కాదు. వెనక్కి వచ్చి మేస్త్రికి చెప్పాలి. మేస్త్రికి ఇంకో డెయిరీ తెలిసుంటే గొడవ అక్కడితో సరి, పైవాళ్ళకు తెలియనక్కర్లేదు. ఆయన వల్ల కాకపోతే కేటరింగ్ ఆయన దాకా, అక్కడా తెమలకపోతే పెళ్ళికూతురి తండ్రి దాకా పోతుంది. ఇబ్బందిని కళ్ళారా చూసిన కుర్రాడికి నిర్ణయం తీసుకునే హక్కు లేదు. హక్కున్న పెద్దాయన డెయిరీ దగ్గర లేడు. అందుకని కబురు కింది నుంచి పైకి నడవాలి. కుర్రాడు ఖాళీ క్యాన్‌కు మూత పెట్టి తెచ్చి వంటశాలలో ఓ మూల పెట్టి ఊరుకున్నాడనుకోండి, ఆ సంగతి బయటపడేది విస్తళ్ళ ముందే.

ప్రోగ్రాం కూడా ఇలా పని పంచుకునే చిన్న చిన్న ముక్కలతోనే తయారవుతుంది. ఒక్కో ముక్కను ప్రొసీజర్ అనో ఫంక్షన్ అనో అంటాం. ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని. పిలిచిన ప్రతిసారీ కంప్యూటర్ ఒక సంగతి గుర్తు రాసిపెట్టుకుంటుంది: ఈ పని అయ్యాక ఎక్కడికి తిరిగి పోవాలి, అప్పటిదాకా చేతిలో ఉన్న లెక్కలు ఏమిటి. ఆ గుర్తులను ఒకదానిమీద ఒకటి పేరుస్తుంది. ఆ దొంతరే స్టాక్. పని చేసిపెట్టి, పిలిచినచోటికే తిరిగిపోయే ఉపాయం కంప్యూటర్లు పుట్టిన కొత్తలోనే వచ్చింది. 1949లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎడ్‌సాక్ అనే యంత్రం పనిలోకి దిగింది. దాని కోసం డేవిడ్ వీలర్ అనే యువకుడు ఈ రాకపోకల పద్ధతిని రూపొందించాడు. దాన్ని వీలర్ జంప్ అని ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

పని సజావుగా జరిగితే జవాబు పట్టుకుని వెనక్కి వెళ్ళడానికి దారి అలా దొరికింది. పని జరక్కపోతే ఏం పట్టుకుని వెళ్ళాలి అన్నది మాత్రం దశాబ్దాల పాటు తేలలేదు. మొదట్లో వాడిన పద్ధతి సాదాసీదాది. జవాబు వచ్చే చోటే ఒక గుర్తు పంపడం. సీ భాషలో ఇప్పటికీ ఇదే అలవాటు. పని కుదరకపోతే చాలా ఫంక్షన్లు మైనస్ ఒకటి అని పంపుతాయి. పిలిచినవాడు ఆ మైనస్ ఒకటిని చూసి, ఇది జవాబు కాదు, కీడు కబురు అని గ్రహించాలి. చూడకపోతే? మైనస్ ఒకటినే జవాబు అనుకుని కూడికల్లో, గుణకారాల్లో కలిపేసుకుని ముందుకు సాగిపోతాడు. ఆపేవారు ఎవరూ ఉండరు.

అందుకే ఎర్రర్‌కు జవాబుతో కలవని దారి వేరే ఉండాలని అనుకున్నారు. 1960ల్లో ఐబీఎం వాళ్ళ పీఎల్ వన్ భాషలో అలాంటి ఏర్పాటు వచ్చింది. 1975లో జాన్ గుడెనఫ్ అనే శాస్త్రవేత్త ఈ విషయమంతా ఒక పద్ధతిలో పెట్టి వ్యాసం రాశాడు. ఇవాళ ఎక్సెప్షన్ అని మనం పిలిచే దానికి గట్టి పునాది పడింది అప్పుడే. ఎక్సెప్షన్ పుట్టగానే మామూలు నడక ఆగిపోతుంది. దాన్ని పట్టుకునే ఏర్పాటు, అంటే హ్యాండ్లర్, ఈ ఫంక్షన్లో ఉందా అని చూస్తుంది కంప్యూటర్. లేకపోతే ఈ ఫంక్షన్‌ను అక్కడికక్కడే వదిలేసి, స్టాక్‌లో దాని గుర్తు తీసేసి, దీన్ని పిలిచిన ఫంక్షన్లో వెతుకుతుంది. అక్కడా లేకపోతే దాన్ని పిలిచినదాంట్లో. ఇలా పై మెట్టుదాకా వెతికినా దొరక్కపోతే ప్రోగ్రాం చచ్చిపోతుంది.

ఆ చావు కబురునే కంప్యూటర్ స్టాక్ ట్రేస్ రూపంలో రాసి చూపిస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు ఎర్ర అక్షరాల ఆ పొడుగు జాబితాను చూడగానే బెదిరిపోయి, స్క్రీన్‌ను ఫోటో తీసి స్నేహితుడికి పంపేస్తారు. బెదరాల్సిన పని లేదు, అంతకన్నా దయగల సమాచారం యంత్రం మనకు ఇవ్వలేదు. ఎర్రర్ ఎక్కడ పుట్టిందో, ఏ ఏ ఫంక్షన్ల మీదుగా పైకి వచ్చిందో వరసగా రాసి ఉంటుంది. పైతాన్‌లో అయితే అడుగు నుంచి చదవండి, ఎర్రర్ పేరు అట్టడుగు వరసలో ఉంటుంది, దాన్ని పిలిచినవి ఒక్కొక్కటే పైన ఉంటాయి. జావాలో తలకిందులు, ఎర్రర్ పైన, పిలిచినవి కింద. జావా జాబితాలో ఇంకాస్త కిందికి వెళ్తే, దీనికి కారణం ఇదీ అంటూ మరో జాబితా మొదలవుతుంది. అసలు మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది. నా దగ్గర చదువుకునేవాళ్ళకు మొదటి వారం నేర్పేది ఇదే: ఆ జాబితాలో మీరు రాసిన ఫైలు పేరు ఎక్కడుందో ముందు చూసుకోండి, తక్కిన వరసల సంగతి తర్వాత.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్సెప్షన్ పైకి పోతూ పోతూ మధ్యలోని ఫంక్షన్లను సగం పనిలో వదిలేస్తుంది. వాటిలో ఒకటి ఫైలు తెరిచి ఉండొచ్చు, మూసే వరస కింద ఎక్కడో ఉంది, అది ఇక నడవదు. ఇంకొకటి ఒక ఖాతాలోంచి డబ్బు తీసి ఉండొచ్చు, రెండో ఖాతాలో ఇంకా వెయ్యలేదు. అందుకే జావా, పైతాన్ లాంటి భాషల్లో, ఏది ఎలా పోయినా ఈ నాలుగు వరసలు మాత్రం నడిపి వెళ్ళు అని చెప్పే ఫైనల్లీ అనే ఏర్పాటు పెట్టారు. డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్ పెట్టింది కూడా ఇందుకే. పని పూర్తిగా అయితే సరే, లేకపోతే మొదలే పెట్టనట్టు వెనక్కి తీసుకుంటుంది. ఎర్రర్ పట్టుకోవడం గురించి అందరూ మాట్లాడతారు. అది నడిచొచ్చిన దారిలో ఏమేం చిందరవందర అయ్యాయో సర్దడం అంతకన్నా కష్టమైన పని. దాని గురించి పుస్తకాల్లో అంతగా రాయరు.

ఇప్పుడు ఒక ఉదాహరణను దగ్గరి నుంచి చూద్దాం. ఒక హైస్కూల్ ఆఫీసులో ఎక్సెల్ షీటు ఉందనుకోండి. అందులో పదో తరగతి పిల్లల ఆరు సబ్జెక్టుల మార్కులు ఉన్నాయి. శాతం లెక్కకట్టడానికి ఒక మాస్టారు విజువల్ బేసిక్ మాక్రో రాశారు. అందులో రెండు ప్రొసీజర్లు. పెద్దది ఒక్కో పిల్లవాడి వరసా తీసుకుని చిన్నదాన్ని పిలుస్తుంది, వీడి శాతం ఎంతో చెప్పు అంటుంది. చిన్నది ఆరు గడులూ కూడి, భాగించి, జవాబు ఇస్తుంది. పెద్దది ఆ జవాబును ఒక వేరియబుల్‌లో పెట్టుకుని చివరి గడిలో రాస్తుంది. ఒక అమ్మాయి లెక్కల పరీక్షకు రాలేదు. ఆ గడిలో అంకెకు బదులు ఏబీ అని రెండు అక్షరాలు వేశారు. అక్షరాలను అంకెలతో కూడడం కుదరదు కనుక చిన్న ప్రొసీజర్లో ఎర్రర్ పుడుతుంది, టైప్ మిస్‌మ్యాచ్, నంబరు 13. చిన్నదాంట్లో దాన్ని పట్టుకునే ఏర్పాటు లేదు. ఎర్రర్ పెద్దదాని దగ్గరికి వస్తుంది.

పెద్దదాంట్లోనూ ఏర్పాటు లేకపోతే మాక్రో ఆగిపోయి, ఎర్రర్ 13 అని స్క్రీన్ మీద చెబుతుంది. మాస్టారు విసుక్కుంటారు గానీ నష్టం లేదు. పెద్దదాంట్లో సరైన హ్యాండ్లర్ ఉంటే, ఫలానా వరసలో తేడా ఉందని రాసుకుని తర్వాతి పిల్లవాడి దగ్గరికి వెళ్తుంది, అదీ మంచిదే. కానీ మాటిమాటికీ ఆ మెసేజ్‌తో వేగలేక మాస్టారు పెద్దదాని మొదట్లో "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్" అని ఒక వరస రాసిపెట్టారనుకోండి. ఎర్రర్ వస్తే పట్టించుకోకు, తర్వాతి వరసకు పో అని దాని భావం. ఎవరి తర్వాతి వరస? చాలామంది చిన్నదాంట్లో తర్వాతి వరస అనుకుంటారు. కాదు. చిన్నదాన్ని కంప్యూటర్ అప్పటికే వదిలేసింది. పెద్దదాంట్లో, పిలుపు తర్వాత ఉన్న వరస. ఆ వరస చేసేది వేరియబుల్‌లో ఉన్న అంకెను గడిలో రాయడం. వేరియబుల్‌లో కొత్త జవాబు రాలేదు కనుక, అంతకుముందు పిల్లవాడి 87 శాతం అలాగే ఉంది. పరీక్షకు రాని అమ్మాయి పేరు ఎదుట 87 పడుతుంది. షీటు చూడ్డానికి చక్కగా ఉంటుంది. ఎక్కడా ఎర్రర్ లేదు, ఎర్ర గడి లేదు. సంతకం అయిపోతుంది.

ప్రోగ్రాం ఆగిపోవడం కన్నా ఇలా ఆగకపోవడమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. జావాలో క్యాచ్ అని రాసి లోపల ఏమీ రాయకుండా వదిలేసే అలవాటు కూడా ఇదే కోవలోది. ఎర్రర్‌ను పట్టుకున్నావు సరే, పట్టుకుని ఏం చేశావు?

ఇంత ప్రమాదం ఉంది కనుకే ఎర్రర్‌ను దానంతట అదే పైకి పోనివ్వడం మంచిదా కాదా అని భాషలు తయారుచేసేవాళ్ళు గట్టిగా వాదించుకున్నారు. 1970ల్లో అమెరికాలోని ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం క్లూ అనే భాషను తయారుచేసింది. ఆమెకు తర్వాత ట్యూరింగ్ అవార్డు వచ్చింది. క్లూలో ఎక్సెప్షన్ ఒక్క మెట్టే ఎక్కుతుంది. పిలిచిన ఫంక్షన్ దాన్ని పట్టుకోవాలి, లేదా తన మాటగా మార్చి తన పైవారికి తానే పంపాలి. రెండూ చెయ్యకపోతే అది పూర్తి వైఫల్యం కిందికి వస్తుంది. అడా భాషలో అలా కాదు, పట్టుకునేవారు దొరికేదాకా తనంత తానే ఎక్కుతూ పోతుంది. జావా కొన్నిటిని పట్టుకోవాలి, లేదా పైకి పంపుతున్నానని ముందే చెప్పాలి అంటుంది, తక్కినవాటిని అడాలాగే వదిలేస్తుంది. గో, రస్ట్ లాంటి ఇటీవలి భాషలు మామూలు ఎర్రర్లను మళ్ళీ జవాబుతో పాటే పంపిస్తున్నాయి. రస్ట్ అయితే రెండూ కలిసిపోకుండా గట్టి కట్టుదిట్టం చేసింది. ఎర్రరా కాదా అని తేల్చుకోకుండా జవాబును వాడుకోనివ్వదు. లిస్కోవ్ పద్ధతే సరైందని నా అభిప్రాయం. ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు నిలబడి, కింది నుంచి వచ్చిన కబురును తమ భాషలో పైకి చెప్పాలి. టైప్ మిస్‌మ్యాచ్ 13 అంటే మాస్టారికి ఏం అర్థమవుతుంది? ఫలానా అమ్మాయి లెక్కల గడిలో అంకె లేదు అంటే అర్థమవుతుంది.

ఇక ఈ విషయంలో ప్రపంచమంతా చదువుకునే పాఠం దగ్గరికి వద్దాం. 1996 జూన్ 4. దక్షిణ అమెరికా తీరాన ఫ్రెంచ్ గయానాలోని కూరూ. మన ఆపిల్ ఉపగ్రహం, ఆ తర్వాత ఎన్నో ఇన్‌శాట్‌లు, జీశాట్‌లు పైకి వెళ్ళింది అక్కడి నుంచే. ఆ ఉదయం ఐరోపా దేశాల కొత్త రాకెట్ ఏరియన్ 5 తొలిసారి లేచింది. దాని తలమీద క్లస్టర్ అనే నాలుగు పరిశోధక ఉపగ్రహాలు ఉన్నాయి. భూమి అయస్కాంత క్షేత్రం సూర్యుడి నుంచి వచ్చే కణాలను ఎలా ఎదుర్కొంటుందో చూడడానికి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కష్టపడి కట్టుకున్నవి. ఇంజన్ వెలిగిన సుమారు 37 సెకన్లకు, ఇంచుమించు 3,700 మీటర్ల ఎత్తున, రాకెట్ ఉన్నట్టుండి పక్కకు తిరిగింది. గాలి ఒత్తిడికి విరగడం మొదలైంది. తనను తాను పేల్చేసుకుంది.

ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త జాక్ లూయి లియోన్స్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. జులై 19కల్లా నివేదిక ఇచ్చేశారు. ఇంజనీరింగ్ చదివే ప్రతి విద్యార్థీ చదవాల్సిన నివేదిక అది. చిన్నది, స్పష్టమైనది, ఎవరినీ దూషించనిది.

రాకెట్ ఎటు వాలుతోందో, ఎంత వేగంతో పోతోందో కొలిచే పరికరం ఒకటి ఉంటుంది. దాని లోపలి కంప్యూటర్ ఆ కొలతలను రాకెట్‌ను నడిపే పెద్ద కంప్యూటర్‌కు పంపుతుంది. కొలిచే పరికరాలు రెండు పెట్టారు, ఒకటి చెడితే ఇంకోటి అందుకోవడానికి. ప్రోగ్రాం అడా భాషలో రాసింది, ఎక్కువ భాగం పాత ఏరియన్ 4 నుంచి తీసుకున్నది. అందులో ఒక చోట అడ్డంగా పోయే వేగానికి సంబంధించిన అంకెను 64 బిట్ల రూపం నుంచి 16 బిట్ల రూపంలోకి మార్చాలి. 16 బిట్లలో పట్టే పెద్ద అంకె 32,767. ఏరియన్ 4 ప్రయాణంలో ఆ అంకె ఎప్పుడూ అంత పెరగదు. ఏరియన్ 5 మొదటి క్షణాల్లోనే చాలా ఎక్కువ అడ్డువేగం అందుకుంటుంది. అంకె పట్టలేదు. ఎక్సెప్షన్ పుట్టింది.

అలా పొంగిపోగల అంకెలు ఏడు ఉన్నాయని రాసినవాళ్ళు ముందే గుర్తించారు. నాలిగింటికి రక్షణ పెట్టారు, మూడింటికి పెట్టలేదు. కంప్యూటర్ మీద భారం 80 శాతం దాటకూడదన్న లక్ష్యం ఉంది, ఈ మూడూ అంత పెరిగే అవకాశం లేదన్న అంచనా ఉంది. ఏరియన్ 4కు ఆ అంచనా నిజమే. ఆ ప్రోగ్రాంను ఏరియన్ 5కు తెచ్చినప్పుడు, ఆ అంచనా ఇంకా నిలుస్తుందా అని కొత్త రాకెట్ ప్రయాణపు లెక్కలు పెట్టి పరీక్షించలేదు.

పుట్టిన ఎక్సెప్షన్‌ను అక్కడ పట్టుకునేవారు లేరు. అది పైకి ఎక్కింది. పైన ఉన్న నియమం ఏమిటంటే, ఏ ఎక్సెప్షన్ వచ్చినా సరే, పరికరం చెడిందని తెలిపి, వివరాలు భద్రపరిచి, ప్రాసెసర్‌ను ఆపెయ్యాలి. ఆ నియమం వెనకున్న ఆలోచన వేరు. ఎర్రర్ వచ్చిందంటే ఏదో వైరు తెగిందనో చిప్ కాలిందనో అనుకున్నారు. అలాంటిది జరిగితే రెండో పరికరం ఉంది కదా. కానీ రెండో పరికరంలోనూ ఇదే ప్రోగ్రాం, ఇదే అంకె. అది అంతకు ముందే, 72 మిల్లీసెకన్ల లెక్కింపు చక్రం ఒకటి వెనక, ఇదే కారణంతో ఆగిపోయి ఉంది.

ఆ తర్వాత జరిగిందే అసలు ఘోరం. ఆగిపోతున్న పరికరం తన తేడా వివరాలను లైను మీద పెట్టింది. నడిపే కంప్యూటర్ వాటిని ప్రయాణపు కొలతలుగా చదువుకుంది. రాకెట్ దారి తప్పిందని నమ్మింది. నిటారుగా పోతున్నదాన్ని సరిచేద్దామని నాజిళ్ళను పూర్తిగా వంచేసింది. ఎర్రర్ కబురు పిలిచినవాడికి చేరింది, జవాబు వేషంలో చేరింది. మన మాస్టారి షీటులో 87 శాతం పడ్డట్టే, ఇక్కడా ఏ ఎర్రర్ లేకుండా చక్కగా లెక్క సాగిపోయింది.

నన్ను అన్నిటికన్నా కలచివేసే సంగతి ఇంకొకటుంది. ఆ అంకెను వాడే లెక్క రాకెట్ నేల విడిచాక ఏరియన్ 5కు అవసరమే లేదు. నేల మీద ఉండగా పరికరాన్ని సరిచూసుకునే పని అది. ఏరియన్ 4లో చివరి సెకన్లలో కౌంట్‌డౌన్ ఆపాల్సి వస్తే, మళ్ళీ ముప్పావు గంట పైన పట్టే ఆ సరిచూపు మొదటి నుంచి చెయ్యకుండా ఉండడానికి, దాన్ని పైకి లేచాక కూడా కాసేపు నడవనిచ్చారు. ఆ వెసులుబాటు 1989లో ఒక్కసారి పనికొచ్చింది. ఏరియన్ 5 ఏర్పాట్లు వేరు, అక్కడ ఆ వెసులుబాటుకు పనే లేదు. అయినా పాత ప్రోగ్రాంలో ఉన్నదాన్ని కదపడం ఎందుకని అలాగే ఉంచేశారు.

విచారణ సంఘం చెప్పిన సూచనల్లో ఒకటి, కొలిచే పరికరం ఏదీ తనకు చేతనైనంత సమాచారం పంపడం మానకూడదని. ఇంకొకటి, ఎక్సెప్షన్‌ను అది పుట్టిన పని వరకే కట్టడి చెయ్యాలని. ఈ మొదటి సూచన గురించి ఆగి ఆలోచించండి. మార్కుల షీటు ఆగిపోవడమే మేలు అన్నాం. ఎగురుతున్న రాకెట్లో కొలిచే పరికరం ఆగకపోవడమే మేలు. 32,767 దగ్గర అంకెను బిగించి, ఇంతకు మించి చెప్పలేను అని పంపినా ఆ రాకెట్ బహుశా సజావుగా పైకి సాగిపోయేది, ఎందుకంటే ఆ అంకెతో అప్పుడు ఎవరికీ పనిలేదు. ఆగాలా సాగాలా అన్న నిర్ణయం అంకెలు మార్చే ఆ చిన్న ఫంక్షన్‌కు తెలిసేది కాదు, తెలియనక్కర్లేదు. తాము ఎగురుతున్నామా, నేల మీద ఉన్నామా అన్నది తెలిసినచోటే ఆ నిర్ణయం జరగాలి. ప్రోగ్రాం రాసేవాళ్ళు ఫంక్షన్ల పేర్లు పెట్టడానికి ఎంతసేపు ఆలోచిస్తారో, ఏ ఎర్రర్‌ను ఏ మెట్టు దగ్గర పట్టుకోవాలన్నదానికి అంతకు రెట్టింపు సేపు ఆలోచించాలి.

పోయిన క్లస్టర్ ఉపగ్రహాలను శాస్త్రవేత్తలు మళ్ళీ కట్టుకున్నారు. 2000 సంవత్సరంలో జులైలో రెండు, ఆగస్టులో రెండు, బైకనూర్ నుంచి రష్యా సోయుజ్ రాకెట్ల మీద పైకి వెళ్ళాయి. రెండు దశాబ్దాలకు పైగా పనిచేశాయి.

లియోన్స్ నివేదిక తేదీ 1996 జులై 19 అన్నాను. సరిగ్గా 28 ఏళ్ళకు, 2024 జులై 19న, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక చిన్న అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు స్క్రీన్ చూపించి ఆగిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. కారణం చూస్తే చాలా చిన్నది. లోపలి ఒక భాగం 21 విలువలు వస్తాయని ఎదురుచూసింది, దాన్ని పిలిచిన భాగం ఇచ్చినవి 20. లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయి తనది కాని మెమరీలో అడుగుపెట్టింది. మామూలు ఆప్‌లో ఇది జరిగితే ఆ ఆప్ ఒక్కటే పోయేది. కానీ ఆ ప్రోగ్రాం నడిచేది విండోస్ కెర్నెల్‌లో. అక్కడ పట్టుకునేవారు లేకపోతే పైన ఇంకో మెట్టు లేదు, మొత్తం యంత్రమే ఆగాలి.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి 1980ల్లో స్వీడన్‌లోని ఎరిక్సన్ ప్రయోగశాలలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు వేశారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలు నడపడానికి ఎర్లాంగ్ అనే భాషను తయారుచేశారు. ఒక్కో ఫోన్ కాల్‌కూ ఒక్కో విడి ప్రాసెస్. ఒకదాంట్లో ఎర్రర్ వస్తే దాన్ని చావనిచ్చేస్తారు. పక్కదానికి తగలదు. పైన సూపర్‌వైజర్ అనే ఇంకో ప్రాసెస్ ఉంటుంది, దాని పని లెక్కలు చెయ్యడం కాదు, ఎవరు పోయారో చూసి కొత్తగా మొదలుపెట్టడం. మాటిమాటికీ పోతుంటే తానూ తప్పుకుని తన పైవారికి కబురు పంపుతుంది. మనం రోజూ వాడే వాట్సాప్ సర్వర్లు ఈ ఎర్లాంగ్ మీదే నడుస్తున్నాయి. పిలిచేవారు, పిలుపందుకునేవారు అన్న రెండు పాత్రలకు తోడు, చూసుకునేవారు అన్న మూడో పాత్రను ఎర్లాంగ్ పెట్టింది.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒకే యంత్రంలో జరిగే కథ. ఇవాళ మన చేతిలో జరుగుతున్నది ఇంకా చిక్కు. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 60 రూపాయలు పంపుతారు. మీ ఆప్ దాని బ్యాంకును పిలుస్తుంది, అది యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ స్విచ్‌ను పిలుస్తుంది, స్విచ్ ముందు మీ బ్యాంకులో డబ్బు తీయించి, తర్వాత అవతలివారి బ్యాంకును జమ చెయ్యమంటుంది. పిలుపు మీద పిలుపు, ఒక్కోటి ఒక్కో సంస్థ యంత్రంలో. మధ్యలో నెట్ తెగితే పిలిచినవాడికి జవాబూ రాదు, ఎర్రరూ రాదు. అవతల పని జరగలేదో, జరిగి కబురు మాత్రమే తప్పిపోయిందో తెలుసుకునే మార్గం ఆ క్షణంలో ఉండదు. ఏ భాషలో ఏ హ్యాండ్లర్ రాసినా అందుకోవడానికి అక్కడ ఏదీ పుట్టలేదు. అందుకే ఆప్ అప్పుడు అయిందనీ చెప్పదు, కాలేదనీ చెప్పదు, పెండింగ్ అంటుంది. అది నిజాయితీ గల మాట. అప్పుడు కంగారుపడి మళ్ళీ పంపితే రెండుసార్లు పోయే ప్రమాదం ఉంది. కాసేపు ఆగి, ఆ లావాదేవీ నంబరు పట్టుకుని అడగాలి. అడిగినప్పుడు పని మళ్ళీ చెయ్యకుండా, జరిగిందో లేదో మాత్రమే చెప్పేలా ఆ నంబరు ఉపయోగపడుతుంది.

ఇలాంటి ఎర్రర్‌ను ఎవరు అందుకోవాలో కోడ్‌తో మాత్రమే తేల్చలేమని గ్రహించి, రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలో మీ ఖాతాలోంచి డబ్బు పోయి, మీరు పంపినవారి ఖాతాలో పడకపోతే, మరుసటి రోజులోగా అది తనంత తానే మీ ఖాతాకు తిరిగి రావాలి. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా రావాలి, మీరు ఫిర్యాదు చేసినా, చెయ్యకపోయినా.